వేపమండల మీద అంటించిన నోటీసు

మా కోర్టులో కొట్లాటలు జడ్జిగారి ముందు జరిగేవి కావు, గుమాస్తాల బల్లల ముందు జరిగేవి. తీర్పు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. ఇచ్చిన దొర ఇంటికెళ్ళి కాఫీ తాగుతూ ఉంటాడు. దాని నకలు చేతికి రాక జనం మా మీద పడేవాళ్ళు. ఒకసారి నా కళ్ళ ముందే ఒక పెద్దమనిషి రికార్డు గుమాస్తా కాలరు పట్టుకుని అతని మొహాన్ని కిటికీ ఊచలకేసి బాదాడు. ముక్కు పగిలి నెత్తురు కాగితాల కట్టల మీద పడింది. గుమాస్తా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, అలవాటు కొద్దీ, "రేపు రండి సార్" అన్నాడు. అంతే, ఇంకోటి పడింది.

నేనక్కడ దినకూలీ టైపిస్టును. ఒకప్పుడు తెల్లదొరలుండిన వైట్ టౌన్‌లో, సముద్రపు గాలికి సున్నం రాలిపోయే పాత ఫ్రెంచి బంగళాలో మా కోర్టు. గోడ అవతల విదేశీయులు సైకిళ్ళేసుకుని ఫొటోలు తీసుకుంటూ తిరిగేవాళ్ళు. గోడ ఇవతల మేము తిట్లు తినేవాళ్ళం. నలుగురు చేయాల్సిన పని ఒక్కడి నెత్తిన ఉండేది. కొన్ని కుర్చీల్లో మనిషి రిటైరై ఏళ్ళు గడిచినా ఇంకో మనిషి వచ్చి కూర్చోలేదు. కోర్టు కాగితాలు తీసుకెళ్ళి ఊళ్ళలో అందజేసేవాణ్ణి అమీనా అంటారు. అన్ని కోర్టులకూ కలిపి మాకున్నది ఒకే ఒక అమీనా, అదీ మోకాళ్ళు అరిగిపోయిన ముసలాయన.

మా అందరి ఆశా ఒక బిల్లు మీద ఉండేది. కోర్టుల్లో గుమాస్తాలను, టైపిస్టులను, అమీనాలను పెంచడానికి శాసనసభలో చట్టం తెస్తారని ప్రతిసారీ సమావేశాలకు ముందు పుకారు లేచేది. సమావేశాలు ముగిసేవి, బిల్లు మాత్రం గాడిద గుడ్డు. అయినా నమ్మాను, నమ్మక ఏం చేయను? దినకూలీగా పనిచేసినవాళ్ళకు వయసు పట్టింపు ఉండదని, టైపు పరీక్ష ఒక్కటి గట్టెక్కితే చాలని ముసాయిదాలో ఉందట. టైపులో నన్ను మించినవాడు ఆ బంగళాలో లేడు. గొప్పకు చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను.

అక్క మొదటిసారి వచ్చిన రోజు నా మిషన్లో రిబ్బను చిక్కుపడింది. "దీని దుంప తెగ" అన్నాను. మాది విల్లియనూరు. మా తాతల తాతలు ఎప్పుడో ఇటు అరవసీమకు వచ్చి పొలాలు చేసుకున్నారు. బయట అరవం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే మాత్రం ఎక్కడైనా తెలుగే. వరండాలో నేల మీద కూర్చున్న ఒక ఆడమనిషి ఆ మాట విని చటుక్కున లేచి వచ్చింది.

"నువ్వు మనోడివా నాయినా?"

"అవునక్కా. ఏంది పని?"

మావాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ఊరు కాని చోట తెలుగు మాట చెవిన పడితే చాలు, చుట్టరికం కలిపేస్తారు. ఆ పూట నుంచి ఆమె నాకు అక్క, ఆమె కేసు నా తలనొప్పి.

ఆమెది బాహూరు చెరువు కింద ఒక పల్లె. మొగుడు పోయాడు. కర్మలు ముగిశాయో లేదో, మొగుడి అన్న వచ్చి పొలం గట్టు మీద నిలబడ్డాడు, ఈ నేల నాదేనని. ఆ బావగారికి ఇద్దరు కొడుకులు, దున్నపోతుల్లాంటివాళ్ళు. ఆమె కోర్టుకెక్కితే జడ్జిగారు ఇంజంక్షన్ ఇచ్చారు: కేసు తేలేదాకా బావ గానీ కొడుకులు గానీ ఆ పొలంలో అడుగు పెట్టకూడదు. బాగానే ఉంది. కానీ ఆ ఉత్తర్వు బావ చేతికి అందాలి, లేదా ఆయన తలుపుకు అంటించాలి. అప్పటిదాకా పోలీసులు కదలరు. "నోటీసు అందినట్టు కాగితం తీసుకురామ్మా" అని స్టేషన్లో పంపించేశారు. పొలంలోనేమో వరి పండి వాలిపోతోంది.

మా అమీనాను నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన ఒకసారి పోయి వచ్చాడు. ఆ ఇంటి తలుపుకు వేపమండలు కట్టి ఉన్నాయట. అంటే ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందన్నమాట. అలాంటి గడప పరాయి మనిషి తొక్కకూడదు, తలుపు తట్టకూడదు. మామ వీధిలోనే చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, తిరిగి వచ్చేశాడు. కాగితం వెనక "ఇంట్లో అమ్మవారు ఉన్నందున అందజేయలేదు" అని రాశాడు. ఇదేం చోద్యమని మా కోర్టులో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అమీనా పై అధికారి నాజరు, ఆ కాగితం కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. జడ్జిగారు వాయిదా వేశారు. ఊరూరి కాగితాలూ పంచుకుంటూ మామ మళ్ళీ ఆ పల్లెకు పోయేసరికి వారాలు గడిచాయి. అప్పుడు కూడా తలుపు మీద వేపమండలు లేతగా, పచ్చగా ఉన్నాయట.

"ఇన్ని వారాలు వాడకుండా ఉండే వేపాకు యాడుంది నాయినా?" అని అక్క నన్ను నిలదీసింది. "అమ్మవారు వాళ్ళింట్లో కాపరం పెట్టేసిందా ఏంది? పిల్లోళ్ళు బాగానే తిరగతా ఉండారే!"

"ఆ మాట మామతో చెప్పక్కా."

"చెప్పినా. తల్లితో ఆటలొద్దమ్మా అని చెంపలేసుకుంటాడు."

ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడు ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. కింది పెదవి చీలింది. గట్టు మీద పెద్ద కొడుకు జుట్టు పట్టి ఈడ్చాడట. చిన్నోడు కడుపులో తన్నాడట. మోటారు పీకి బావిలో పడేశారట. ఆమె ఇవన్నీ ఏడవకుండా చెప్పింది. నేను మాత్రం రెండు అక్షరాలు తప్పు కొట్టాను.

"కోత మిషను మాట్లాడేసినారు నాయినా. ఈ వారంలోనే దించుతారంట. వాళ్ళు కోసుకొని పోతే నేనేం తినేది? కోసినోడిదే నేల అంటారు ఊర్లో."

ఊళ్ళోనే కాదు, కోర్టులోనూ అంతే. పైరు ఎవరు కోశారన్నదే స్వాధీనానికి సాక్ష్యం. ఈ కోత వాళ్ళ చేతుల్లోకి పోతే పొలం పోయినట్టే. ఆ లెక్క నాకు బాగా తెలుసు కాబట్టే లేచి నాజరు గదిలోకి పోయాను.

"ఇంకో మనిషే లేడా సార్ ఈ కోర్టులో?"

"బిల్లు పాస్ కానీవయ్యా. కావలసినంత మంది వస్తారు."

"బిల్లు పాసయ్యేలోపు ఆమెను చంపేస్తారు."

"అంత కడుపు మండుతుంటే నువ్వే పో."

ఆయన బల్ల మీదున్న రబ్బరు స్టాంపు ఎత్తి గోడకేసి కొట్టాను. "పోతాను. రాసివ్వండి." ఆయన నన్ను ఎగాదిగా చూసి, నిజంగానే కాగితం రాసి జడ్జిగారి సంతకం పెట్టించుకొచ్చాడు. ధర్మం కోసం కాదు, నన్ను వదిలించుకోవడానికి.

మరునాడు మధ్యాహ్నం మోపెడ్ మీద పోయాను. ఇల్లు చూపించడానికి కేసు వేసినవాళ్ళు వెంట ఉండాలి కాబట్టి అక్క వీధి మొగలో నాకోసం కాచుకుని ఉంది. మిద్దె ఇల్లు. రెండు తలుపులకూ వేపమండలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. అంత కోపంతో పోయినవాణ్ణి, వాటిని చూడగానే చెప్పులు విడిచేశాను. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసినప్పుడు మా అమ్మ ఇంటి ముందు ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. ఆ భయం ఒంట్లోంచి ఎక్కడికి పోతుంది? తిరిగి పోదామనే అనుకున్నాను. ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

అప్పుడు లోపలి నుంచి చుయ్యిమని శబ్దం వచ్చింది. వెంటనే ఆవాలు, కరివేపాకు వాసన. దాని వెనకే చేపల వేపుడు వాసన.

అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు వేయరు. బాణలి చుయ్యిమంటే తల్లి ఒంటికి సెగ తగులుతుందంటారు. నీచు అసలు గడప తొక్కనివ్వరు. ఉప్పూ కారం తగ్గించి చప్పిడి కూడు తింటారు, రోగి తలకు నీళ్ళు పోసేదాకా ఇంటిల్లిపాదీ అంతే. ఇది మాలో పిల్లలకు కూడా తెలుసు. వీళ్ళు రోజూ పొద్దున్నే తలుపుకు కొత్త మండలు కట్టి, లోపల కూర్చుని చేపలు వేయించుకుని తింటున్నారు. నోటీసు తప్పించుకోవడానికి దేవతను కాపలా పెట్టుకున్నారు, నీచులు. మా ముసలి మామ వీధిలో నిలబడి దండం పెడుతుంటే వీళ్ళు కిటికీలోంచి చూసి ఎంత నవ్వుకుని ఉంటారో!

చెప్పులు మళ్ళీ తొడుక్కుని తలుపు మీద దబదబా బాదాను.

బావగారే తెరిచాడు. వేళ్ళకు అన్నం మెతుకులున్నాయి. "యాడికొచ్చినావురా? కళ్ళు కనపళ్ళే? ఇంట్లో అమ్మవారుండాది."

"అమ్మవారికి చేపలు వేయిస్తా ఉండారా పెద్దాయనా?"

మొహం మాడిపోయింది. కోర్టు కాగితం చాపితే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తీసుకోనంటే అంటించడమే. డబ్బాలోంచి మైదా జిగురు తీసి తలుపు చెక్కకు పూశాను. వేపమండ అడ్డమొచ్చింది. పీకి అవతల పారేశాను. మిగతా మండల మీదుగానే కాగితం పరిచి అరచేత్తో అదిమాను. వీధిలో జనం చేరారు. ఎవరో ఆడమనిషి "అయ్యో తల్లీ!" అని కేక పెట్టింది.

కొడుకులిద్దరూ లోపలి నుంచి వచ్చిన సంగతి నాకు దెబ్బ పడ్డాకే తెలిసింది. మెడ మీద ఏదో పడింది, కళ్ళు బైర్లు కమ్మాయి. నేల మీద పడ్డాక పక్కటెముకల్లో తన్నులు. పళ్ళ మధ్య మట్టి, నెత్తురు. పెద్దోడు నా కుడిచెయ్యి పట్టి గడప మీద పెట్టాడు. "ఈ చెయ్యే కదా అంటించింది?" చిన్నోడు లోపలికి పోయి రోకలి తెచ్చాడు. నేను చూశాను, రోకలి పైకి లేవడం చూశాను, ఒరేయ్ వద్దురా అని అరిచాను. మొదటి దెబ్బకే వేళ్ళు పటపటమన్నాయి. అయినా వాడు ఆపలేదు. వీధి నిండా జనం. ఒక్కడు కదలలేదు. తల్లి మండ పీకినవాడికి ఆ మాత్రం కావలసిందే అనుకున్నారేమో.

కదిలింది అక్క ఒక్కతే. ఎక్కడ దొరికిందో ఇటుకముక్క పట్టుకుని పరుగున వచ్చి రోకలి పట్టినవాడి నుదుటి మీద కొట్టింది. వాడు కూలబడ్డాడు. రెండోవాడు ఆమెను తంతూనే ఉన్నాడు, ఆమె నన్ను చంకల కింద పట్టి ఈడుస్తూనే ఉంది. రోడ్డు దాకా ఈడ్చింది. నెత్తురోడుతున్న నా చేతిని తన కొంగులో చుట్టి, "చావొద్దు నాయినా, చావొద్దు" అంటూ ఆటో ఎక్కించింది.

కాగితం మాత్రం తలుపు మీదే ఉంది. ఆ సాయంత్రం పోలీసులు వచ్చి చూసింది దాన్నే. నోటీసు అందినట్టే. కోత మిషను వెనక్కి పోయింది. పోలీసు కాపలాలో అక్క తన పైరు తాను కోసుకుంది. ఆస్పత్రి మంచం మీద ఆ మాట విని నేను నవ్వాను, దవడ నొప్పెట్టినా నవ్వాను.

ఇక మా కోర్టులో ఏడాదులుగా కానిది నా చెయ్యి విరగ్గానే అయింది. టైపిస్టును అమీనా పనికి పంపించి చావగొట్టించారని సిబ్బంది అంతా పనులు ఆపి వరండాలో బైఠాయించారు. వకీళ్ళూ కలిశారు. కట్టుకట్టిన నా చేతి ఫొటో పేపర్లో పడింది. శాసనసభలో ఒక సభ్యుడు ఆ పేపరు పైకెత్తి ఊపి, మనుషుల్లేకే కదా ఈ ఘోరం అని గర్జించాడట. ఇన్నాళ్ళూ నిద్రపోయిన బిల్లు పాసైంది. మావాళ్ళు స్వీటు పెట్టె పట్టుకుని ఆస్పత్రికి వచ్చారు. నాజరు స్వయంగా నా నోట్లో లడ్డు పెట్టి, "నీ పుణ్యమే" అన్నాడు. ఉమ్మేద్దామనుకున్నాను, కానీ మింగాను.

ఎందుకంటే ఇక నా బతుకు ఆయన దయ మీదేనని నాకు అప్పటికే తెలుసు. నరాలు నలిగిపోయాయని డాక్టరు చెప్పేశాడు. కట్టు విప్పాక చూపుడువేలు, నడిమివేలు కట్టెల్లా నిలబడిపోయాయి. నా చెయ్యి విరిగిన పుణ్యాన పాసైన చట్టంలో టైపు పరీక్ష తప్పనిసరి. పరీక్ష రోజు ఎడమచేత్తో కొట్టాను, పక్కన పిల్లలు కంప్యూటర్ల మీద వాన కురిసినట్టు కొడుతుంటే. నా కాగితం సగం కూడా నిండలేదు. వికలాంగుల కోటాలో చూసుకోమన్నారు. మెడికల్ బోర్డువాళ్ళు నా చేతిని అటూ ఇటూ తిప్పి, లోపం కోటాకి సరిపోదన్నారు. ఏడవడానికి సరిపోయింది, కోటాకి సరిపోలేదు! చివరికి నన్ను తపాలా బల్ల దగ్గర కవర్లు అంటించే పనిలో ఉంచారు, మళ్ళీ దినకూలీగానే. నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది. మంచిపిల్లే. ఆమె టిక్కుటిక్కుమంటుంటే ఆ కీబోర్డు ఎత్తి సముద్రంలో విసరాలనిపించేది.

కొత్త చట్టం పనిచేయలేదని మాత్రం అనను. బ్రహ్మాండంగా పనిచేసింది. కుర్రవాళ్ళైన అమీనాలు బైకుల మీద వెళ్ళి సమన్లు ఇట్టే ఇచ్చి వచ్చేవాళ్ళు. నన్ను కొట్టిన కేసు, పాత రోజుల్లో అయితే నా గడ్డం నెరిసేదాకా నడిచేది, చకచకా విచారణకు వచ్చేసింది. వీధిలో నిలబడి చూసినవాళ్ళంతా మేము చూడలేదన్నారు. అది నేను అనుకున్నదే. నాకు అక్క ఉంది, అది చాలు. వాళ్ళు జైలుకు పోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు అప్పుడు, ఉద్యోగం కూడా అక్కర్లేదు, ఆ ఇద్దరూ ఊచల వెనక కూర్చోవాలి.

అక్క బోనెక్కింది. కొత్త చీర కట్టుకుంది. నా వైపు చూడలేదు. సర్కారు వకీలు అడిగితే అరవంలో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఆ ఇంట్లో అమ్మవారు ఉండింది. ఈయన వేపమండలు తెంచి కాలితో తొక్కాడు. జనం ఆగలేక మీద పడ్డారు. ఎవరు కొట్టారో నాకు తెలీదు."

"చేపలు వేయించే వాసన వచ్చిందా లేదా?"

"రాలేదు."

నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఆ మాటలన్నీ ఒక్క తప్పు లేకుండా టైపు చేసింది. బావగారు, కొడుకులు చేతులు కట్టుకుని అమాయకంగా నిలబడ్డారు. కేసు కొట్టేస్తారని ఆ క్షణానే తేలిపోయింది. లేచి అరవబోతే మా ముసలి మామ నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

బయట వరండా చివర ఆమె నాకోసమే నిలబడి ఉంది. దొంగలా పారిపోయి ఉన్నా బాగుండేది.

"పొలం నా పేర రాసిచ్చేసినారు నాయినా," అంది తెలుగులో, మెల్లగా. "రిజిస్టరాఫీసులో వేలుముద్ర ఏసినారు ముగ్గురూ. పిల్లోళ్ళు జైలుకు పోకుండా ఈ మాట చెప్తే చాలన్నారు."

"వాళ్ళను నమ్మావా నువ్వు?"

"నమ్మేదేముంది? నువ్వు సాయంత్రానికి విల్లియనూరు పోయి నీ ఇంట్లో పడుకుంటావు. నేను వాళ్ళ గోడ పక్కన పడుకోవాల. నేను ఈడ నిజం చెప్పి, వాళ్ళు జైలుకు పోయొస్తే, ఆ పొద్దు నన్ను నరికేసి పోతారు. ఎవురొస్తారు? నీ జడ్జి వస్తాడా? కొత్తగా ఏసిన గుమాస్తాలు వస్తారా?"

"మరి నా చెయ్యో అక్కా?"

"నీ చెయ్యి ఎట్టా రాదు కదా నాయినా," అంది. "నా నేలన్నా వచ్చె."

నిజమే చెప్పింది. అది నిజం కావడమే నేను భరించలేకపోయాను. నా ఒంట్లో ఉన్న నెత్తురంతా తలకెక్కింది. చెయ్యి ఎత్తి ఆమె చెంప మీద కొట్టాను, పాడైన ఆ కుడిచేత్తోనే, బలం కొద్దీ. ఆ శబ్దానికి వకీళ్ళు ఆగి చూశారు. ఆమె తల గోడకు తగిలింది. పెదవి చివర నెత్తురు చిమ్మింది. వెనక్కి అడుగు వేయలేదు, చెంప తడుముకోలేదు. ఎర్రగా కందుతున్న చెంపతో నా చేతి వైపు, ముడుచుకోని ఆ రెండు వేళ్ళ వైపు చూసింది.

"నొప్పెట్టిందా నాయినా?" అని అడిగింది.

నేను చేతిని చూసుకున్నాను. "లేదక్కా. ఏమీ తెలియలేదు."

గట్టు మీద జుట్టు పట్టి ఈడ్చినప్పుడు ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.